అట్ట కింద ఊరు పేరు

రిటైరైనవాళ్లను ఎవరూ సలహాలు అడగరు. బీపీ ఎంతుందని అడుగుతారు, పింఛను పడిందా అని అడుగుతారు, అక్కడితో సరి. నా విషయంలో మాత్రం చిన్న మినహాయింపు ఉంది. మా చుట్టాల్లో ఆడపిల్లలెవరైనా ఫోనులో ఖరీదైనదేదో కొనబోతే ముందు తెచ్చి నా ముక్కు కింద పెడతారు. "పెద్దమ్మా, గీ సైటును నమ్మొచ్చా?" అంటారు. నేనేమీ కంప్యూటర్లు చదివినదాన్ని కాను. ఆదిలాబాద్ అడవి పల్లెల్లో ఉత్తరాలు పంచే ఆఫీసులో మొదలుపెట్టి, ఊళ్లు తిరిగి తిరిగి, చివరికి మెట్‌పల్లిలో సబ్ పోస్ట్‌మాస్టరుగా కుర్చీ దిగినదాన్ని. అయినా నన్నే అడుగుతున్నారంటే దానికి కారణం ఒక తోలు సంచి.

ఇప్పుడిప్పుడే కౌంటరు వెనక కూర్చున్న పిల్లలకు ఆ సంగతి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఇందులో ఎవరి పేర్లూ చెప్పను. ఎందుకు చెప్పనో చివరిదాకా చదివితే మీకే అర్థమవుతుంది.

పసుపు మార్కెట్‌కు వచ్చిపోయే జనంతో ఊరంతా కిటకిటలాడే రోజులు. నేను లోపల గదిలో పనిచేసుకుంటుంటే కౌంటరు దగ్గర పెద్దగా నవ్వులు వినిపించాయి. మా క్లర్కు బుద్ధిమంతుడే. పెళ్లయి, ఒక బిడ్డకు తండ్రయ్యి, ఫోనులో ప్రపంచమంతా తెలుసుకున్నాననుకునే వయసు. వాడు తలుపు దగ్గరికొచ్చి, "మేడం, జర ఇటు రారి. గీ అక్క చెప్పే ఇలువ నేను రాయలేను" అన్నాడు.

కౌంటరు ముందు నలభై దాటిన ఒకామె నిలబడి ఉంది. బీడీ ఆకు కత్తిరించీ చుట్టీ వేళ్ల కొసలు నల్లబడ్డాయి. చేతిలో తువ్వాలలో చుట్టిన మూట. దాన్ని బీమా పార్సిల్‌గా పంపాలట. బీమా అంటే లోపలి వస్తువు విలువ చెప్పాలి. ఆమె చెప్పింది. వరుసలో ఉన్నవాళ్లు అందుకే నవ్వుతున్నారు. ఆ అంకె నేనిక్కడ రాయను. మా ఆఫీసులో ఉన్న బల్లలూ బీరువాలూ తూకం యంత్రాలూ, నేను కూర్చున్న కుర్చీతో సహా, మొత్తం అమ్మినా అంత రాదని మాత్రం చెప్పగలను.

"మూటల ఏమున్నదవ్వా?" అని అడిగాను.

"సంచి మేడం."

"సంచిల ఏమున్నది?"

"ఏం లేదు. ఉత్త సంచే."

నవ్వులు మళ్లీ లేచాయి. ఆమె మాత్రం నవ్వలేదు. సిగ్గుపడనూ లేదు. ఆ నిలబడ్డ తీరు చూసి నాకెందుకో నవ్వేవాళ్ల మీద కోపం వచ్చింది. ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టాను.

మూట విప్పితే ముదురు గోధుమరంగు తోలు సంచి. పెద్ద సొగసేమీ కనిపించలేదు నాకు. గుండీ బాగుంది, కుట్టు సన్నగా ఉంది, అంతే. ఆమె కువైట్‌లో ఒక ఇంట్లో పదేళ్లకు పైగా చేసిందట. పని అంటే వంటా బట్టలూ కాదు. పక్షవాతం వచ్చి మంచం పట్టిన ముసలామెను చూసుకోవడం. ఆ ముసలామె కోడలి చేతి నీళ్లు కూడా తాగేది కాదట. ఈమె వస్తేనే నోరు తెరిచేదట.

"నేను ఇంటికి వస్తున్న అంటే ముసల్ది బగ్గ ఏడ్సింది మేడం. తన సంచి ఇప్పించింది. 'గిది అసల్ది, జాగ్రత్త. అమ్ముకొని ఇల్లు కట్టుకో' అన్నది. మాట సరిగ రాదు ఆమెకు. నాకు సమజైతది."

"మరి ఇన్ని రోజులు ఎందుకు అమ్ముకోలే?"

"మా ఏజెంటుకు చూపెట్టిన. 'గిది బజార్ల దొరికే డూప్లికేటు. పనిమనిషికి అసల్ది ఎవలిస్తరు?' అని నవ్విండు. గప్పటిసంది మేకుకు తగిలేసిన. ఆధార్ కార్డు, బీడీ కార్డు దాంట్లనే పెట్టుకున్న. మొన్న మా అక్క బిడ్డ కరీంనగర్‌ల కాలేజీ నుంచి వచ్చి చూసి నోరెళ్లబెట్టింది. ఫోన్ల గా సైటు అదే తీసింది."

ఆమె ఇంటికి గోడలు లేచాయి, స్లాబు పడలేదు. పిల్లర్ల మీద ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తున్నాయి. ఒక మూలకు రేకులు కప్పుకుని అందులో ఉంటోంది. ఇదంతా ఆమె మామూలుగానే చెప్పింది. చివరికి మాత్రం సంచి మీద చేయి వేసి అన్నది.

"అసల్దైతే స్లాబు పోస్త. గది వేరే ముచ్చట. డూప్లికేటైతే ముసల్ది నాకు అబద్ధం చెప్పినట్టే గదా. అన్నేండ్లు ఎత్తిన, దించిన. చేతుల మీద పెట్టుకొని చూసుకున్న. గా మనిషి ఆఖరికి నన్ను మోసం చేసిందా, లేదా? నాకు గది తెల్వాలె మేడం."

అదీ అసలు సంగతి.

మా క్లర్కు ఆ వెబ్‌సైటు తెరిచాడు. హైదరాబాదులో ఉందట. ఖరీదైన చేతిసంచులు కొంటారు, అమ్ముతారు, కిరాయికి కూడా ఇస్తారు. సంచి పంపితే వాళ్ల నిపుణులు చూసి అసలో నకలో తేలుస్తారు. అసలైతే అమ్మిపెట్టి డబ్బు పంపుతారు. కిరాయి మాట దగ్గర నేను ఆగిపోయాను. పెళ్లికి షామియానా కిరాయికి తెస్తారు, వంట గిన్నెలు తెస్తారు, పెళ్లికొడుక్కి గుర్రం కూడా తెస్తారు. చేతిసంచి కిరాయికి తెచ్చుకుని, చంకకు తగిలించుకుని, నాదే అన్నట్టు తిరిగి, మర్నాడు వాపసు ఇచ్చేస్తారా? క్లర్కు నా మొహం చూసి, "పెద్ద పెద్దోళ్లే తెచ్చుకుంటరు మేడం" అన్నాడు. ఈ సంచి వ్యవహారంలో నాకు తగిలిన షాకుల్లో అది మొదటిది, అన్నిటికంటే చిన్నది.

"నమ్మొచ్చంటవా?" అని అడిగాను.

వాడు వేలితో పైకీ కిందికీ జరిపి చూశాడు. ఫోటోలు బాగున్నాయన్నాడు. కొన్నవాళ్ల మాటలున్నాయి, తిట్లు కూడా ఒకటీ అరా ఉన్నాయి, అన్నీ పొగడ్తలే ఉంటే అనుమానపడాలి గాని ఇది పర్వాలేదన్నాడు. ఫోను చేస్తే ఒక అమ్మాయి ఎత్తి మర్యాదగా మాట్లాడింది. వాడి లెక్కలో సైటు పాసైంది.

నా లెక్క వేరు. పోస్టాఫీసు మనిషికి ముందు అడ్రసు కావాలి. ఆ అడ్రసుండే పేట పోస్టాఫీసులో నాతో శిక్షణ తీసుకున్న స్నేహితురాలుంది. ఫోను చేశాను. ఎవరి ఉత్తరాల గుట్టూ అడగలేదు, అది మన వృత్తిలో తప్పు. అసలు అలాంటి ఆఫీసు ఉందా, మనుషులుంటారా అని మాత్రం అడిగాను. "ఉన్నదే. అద్దాల తలుపు, లోపట ఏసీ. రోజూ మనుషులు వస్తుంటరు, పోతుంటరు" అన్నది. నా లెక్కలోనూ పాసైంది.

మూడో లెక్క మా పోస్ట్‌మ్యాన్‌ది. అందరం చాచా అని పిలిచేవాళ్లం. సైకిలు కాలం నుంచీ ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగినవాడు. ఆయన ఫోను వంక కూడా చూడలేదు. "నేను చెప్పేది ఒకటే మేడం. దొంగ అడ్రసు పెట్టుకున్నోడు సంతకం పెట్టేటప్పుడు నా మొకం చూడడు. గీడ ఫోన్ల మొకమే లేదు, నేనేం చెప్పాలె?" అన్నాడు. నేనూ క్లర్కూ నవ్వేశాం. ఆ మాటను ఆ రోజు తీసిపారేశాం గాని, తర్వాత చాలాసార్లు తలుచుకున్నాను.

అయినా చాచా మాట వల్లే నాకొక ఉపాయం తోచింది. మన శాఖలో పరీక్ష ఉత్తరమని ఒకటుంది. డబ్బా సరిగా తెరుస్తున్నారా, ఉత్తరం సరిగా చేరుతోందా అని చూడటానికి పై ఆఫీసరు ఎవరికీ చెప్పకుండా తనే ఒక ఉత్తరం వేస్తాడు. అది చేరిన తీరును బట్టి లోకం తీరు తెలుస్తుంది. అలాగే ముందు ఒక పరీక్ష సంచి పంపి చూద్దామన్నాను.

పరీక్షకు ఏ సంచి? అందరూ నా వైపే చూశారు. నా టిఫిను సంచి మీద అచ్చం ఆమె తోలు సంచి మీదున్న పెద్ద కంపెనీ గుర్తే ఉంటుంది. మా ఆడపడుచు ఫుట్‌పాత్ మీద బేరమాడి కొనిచ్చింది. దాంట్లో ఏళ్ల తరబడి అన్నం డబ్బా మోస్తున్నాను. దాన్ని దులిపి, అసలో నకలో చూసి చెప్పండని పంపాం. అసలంటే దొంగలు, నకలంటే మంచివాళ్లు. ఇంతకంటే తేలికైన పరీక్ష ఉంటుందా?

కొద్ది రోజులకే జవాబొచ్చింది. ఇది నకలు, మన్నించండి అని మర్యాదగా రాశారు. కుట్టు ఎక్కడ తప్పో, గుర్తు ఎక్కడ వంకరో ఫోటోలో గీతలు గీసి చూపించారు. చివర ఇంకొక మాట కూడా రాశారు, లోపలి బట్టకు ఆహార పదార్థాల వాసన ఉందని. అది మామిడికాయ తొక్కు వాసన. క్లర్కు దాన్ని ఆఫీసంతా వినపడేలా చదివాడు. నాకు రోషం వచ్చిన మాట నిజమే, కానీ నమ్మకమూ కుదిరింది. సంచి కూడా క్షేమంగా తిరిగొచ్చింది, తొక్కు వాసనతో సహా.

బీడీలామెకు కబురు పెట్టాం. అప్పుడు తగిలింది రెండో షాకు.

పార్సిల్ కట్టే ముందు లోపల కాగితాలేమైనా ఉండిపోయాయా అని క్లర్కు సంచి తడిమాడు. అడుగున తోలు రంగు బట్ట చుట్టిన గట్టి అట్ట ఒకటి వదులుగా ఉంది. దాన్ని ఎత్తి, "అయ్యో అక్కా!" అని నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు.

అట్ట కింద, సంచి అడుగున, లావు మార్కరుతో, తెలుగులో, ఆమె పేరు. కింద ఊరు. దాని కింద మెట్‌పల్లి, జగిత్యాల జిల్లా.

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల డబ్బాలు మీరు చూసే ఉంటారు. తాళ్లతో బిగించి, నాలుగు పక్కలా పేరూ ఊరూ పలకంత అక్షరాలతో రాసుకుంటారు. విమానాశ్రయంలో అందరి డబ్బాలూ ఒక్కలాగే ఉంటాయి మరి. రాయకపోతే ఎవడి కంబళి ఎవడింటికి పోతుందో తెలియదు. ఈమె కంబళి మీద రాసింది, సూట్‌కేసు మీద రాసింది, పౌడరు డబ్బా మీద రాసింది. రాస్తూ రాస్తూ ఆ చేత్తోనే దీని మీద కూడా రాసేసింది.

"గిదేం పని చెల్లే?" అని గట్టిగానే అరిచాను. "పెన్ను గీత పడితేనే ధర తగ్గుతదట, నువ్వు జిల్లాతో సహ రాసినవా?"

"పైన రాస్తే మంచిగుండదని లోపట రాసిన మేడం" అన్నదామె, నేను మెచ్చుకుంటానన్నట్టు.

క్లర్కు నవ్వు ఆపుకోలేక, ఇంటికెళ్లి భార్యకు చూపిస్తానని ఫోటో తీసుకున్నాడు. సంచీ, ఎత్తిన అట్టా, అక్షరాలూ అన్నీ పడ్డాయి అందులో. చాచా మాత్రం నవ్వలేదు. అక్షరాల మీద వేలు పెట్టి చదివి, "అడ్రసు కరెక్టుగ ఉన్నది" అన్నాడు. తర్వాత తెల్లగుడ్డ చుట్టి దబ్బనంతో కుట్టి, లక్క కరిగించి ముద్రలు వేశాడు. ఆమె చివరి ముద్ర ఆరేదాకా పక్కనే నిలబడింది. దారిలో పోతే బాధ్యత మాది, చేరాక వాళ్లేం చేస్తారో మా చేతిలో లేదని ఆమెకు చెప్పాను. చెప్పాల్సిన మాట కాబట్టి చెప్పాను గాని, నాకేమీ భయం లేదు. పరీక్ష పాసైన సైటు కదా.

ఈసారి జవాబు రావడానికి ఎక్కువ రోజులు పట్టింది. జవాబు ఒక్క ముక్క. నకలు. ఫోటోలో గీతల్లేవు, మన్నింపుల్లేవు. వాపసు పంపుతున్నామన్నారు.

పార్సిల్ వచ్చిన రోజు క్లర్కు సెలవులో ఉన్నాడు. బిడ్డకు అక్షరాభ్యాసం చేయించడానికి కుటుంబంతో బాసర వెళ్లాడు. నేనూ చాచా ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని కుట్లు విప్పాం. ఏం చెప్పి ఓదార్చాలా అని పొద్దుటి నుంచీ మాటలు వెతుక్కుంటున్నాను. పనిమనిషికి అసల్ది ఎవరిస్తారన్న ఏజెంటు మొహం కళ్ల ముందుకొచ్చి ఒళ్లు మండుతోంది. ఆమె మాత్రం సంచిని ఒళ్లో పెట్టుకుని, గుండీ తీసి, నేరుగా అట్ట ఎత్తింది. చాలాసేపు లోపలికే చూసింది.

"మేడం, గిది నాది గాదు."

"ఏమన్నవ్?"

"నా ఊరు లేదు దీంట్ల."

నేను సంచి లాక్కుని చూశాను. అడుగు శుభ్రంగా ఉంది. మార్కరు గీత లేదు, తుడిచిన మరక లేదు, కొత్త బట్ట. అదే రంగు, అదే గుండీ, అదే కొలత. ఊరు మాత్రం లేదు. ఉద్యోగ జీవితంలో పోయిన మనియార్డర్లు చూశాను, చిరిగిన సంచులు చూశాను, ఏడ్చిన మనుషుల్ని చూశాను. అద్దాల తలుపూ ఏసీ ఉన్న ఆఫీసు ఒక బీడీ కార్మికురాలి సంచిని మార్చేస్తుందన్నది మాత్రం నా బుర్రకు ఎన్నడూ తట్టలేదు. చాచా కుర్చీలో కూలబడి, "యా అల్లా" అని ఊరుకున్నాడు.

క్లర్కుకు ఫోను చేశాను. వెనక పిల్లల ఏడుపులు, మంత్రాలు వినిపిస్తున్నాయి. "బియ్యంల ఓంకారం దిద్దిపిస్తున్న మేడం, ఏమైంది?" అన్నాడు. సంగతి చెప్పాను. వెంటనే ఫోటో పంపాడు. భార్యకు చూపించి నవ్వుకుందామని తీసిన ఫోటోనే మాకు మిగిలిన ఒక్క సాక్ష్యం.

సైటుకు ఫోను చేశాను. మర్యాద అమ్మాయే ఎత్తింది. మీరేది పంపారో అదే వాపసు ఇచ్చామన్నది. ఫోటో పంపుతామంటే అది ఏ సంచిదైనా కావచ్చన్నది. మీ నిపుణులు అన్నీ చూస్తారు కదా, అడుగున అట్ట ఎత్తి చూశారా అని అడిగాను. అమ్మాయి గొంతు అక్కడ కొంచెం తడబడింది. పైవాళ్లతో మాట్లాడి చెప్తానని పెట్టేసింది. ఆ తర్వాత మా నంబర్ల నుంచి చేస్తే ఎవరూ ఎత్తలేదు.

నాకప్పుడు మా పరీక్ష గుర్తొచ్చి సిగ్గేసింది. టిఫిను సంచి గురించి వాళ్లు నిజమే చెప్పారు. ఎందుకు చెప్పరు? తొక్కు వాసన సంచికి అబద్ధం చెప్పి ఏం బావుకుంటారు? అబద్ధంతో లాభం ఉన్న చోట నిజం చెప్తారా లేదా అన్నది కదా పరీక్ష పెట్టాల్సింది. పిల్లలూ, ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. చిన్నదాంట్లో నిజాయితీగా ఉన్నాడని పెద్దది చేతిలో పెట్టకండి. ఎలుకను పట్టేటప్పుడు కొబ్బరి ముక్క ఎప్పుడూ అసలుదే పెడతారు.

ఇక బీడీలామెకు ఏం చెప్పాలో తెలియక తలెత్తి చూద్దును కదా, ఆమె నవ్వుతోంది. పెద్ద నవ్వు కాదు, పళ్లు కనపడని నవ్వు. మతి చెడిందేమోనని భయమేసింది నాకు.

"ఎందుకు నవ్వుతున్నవే?"

"నాది డూప్లికేటైతే వీళ్లెందుకు మారుస్తరు మేడం? ఎవలన్న డూప్లికేటును దొంగతనం చేస్తరా?"

నేనూ చాచా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"అసల్దే గదా మేడం. ముసల్ది నాకు అబద్ధం చెప్పలే." ఆ మాట అన్నాక కొంగుతో కళ్లు తుడుచుకుంది. స్లాబు పోయింది, సంచి పోయింది, చేతిలో నకలు మిగిలింది. ఆమెకు మాత్రం కావలసిన జవాబు దొరికింది. దొంగసైటు దొంగతనంతోనే అయినా, ఏ నిపుణుడూ ఇవ్వలేని సర్టిఫికెట్టు ఇచ్చేసింది. ఆ నకలు సంచిలోనే ఆధార్ కార్డు పెట్టుకుని వెళ్లిపోయింది. నాకైతే ఆ రాత్రి అన్నం సహించలేదు.

పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. కరీంనగర్‌లో వకీలుతో నోటీసు ఇప్పించాం. సమాధానం లేదు. నెలలు గడిచాయి. పెళ్లిళ్ల రోజులు వచ్చాయి, వెళ్లాయి. నేను దిగిపోయే తేదీ దగ్గరపడింది. ఆ బాకీ అలాగే మీద పెట్టుకుని ఇంటికి పోవాలి కాబోలు అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆటో దిగి ఒకామె లోపలికొచ్చింది. కట్టుకున్న చీర చూస్తే ఆటోలో తిరిగే మనిషి కాదు. మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. కారు బస్టాండు దగ్గరే ఆపి వచ్చిందని తర్వాత తెలిసింది. కౌంటరు దగ్గర ఏమీ చెప్పకుండా, పోస్ట్‌మ్యాన్ ఎవరని అడిగింది. చాచా ముందుకొచ్చాడు.

"ఒక అడ్రసు చెప్తే, గా మనిషి ఉన్నదా లేదా చెప్తరా?"

"చెప్పున్రి."

ఆమె పేరు చెప్పింది, ఊరు చెప్పింది. చాచా చేతిలోని ఉత్తరాల కట్ట బల్ల మీద పెట్టేసి నా గదిలోకి వచ్చాడు. ఆయన మొహం చూసి నేనే లేచి బయటికెళ్లాను.

కరీంనగర్‌లో గ్రానైటు వ్యాపారం చేసే కుటుంబం వాళ్లది. ఆ ఊళ్లో వాళ్లింటి పేరు తెలియనివాళ్లుండరు. మొన్న కూతురి పెళ్లి చేశారు. గది తలుపు మూశాక నా ఎదురుగా కూర్చుంది. పక్కనున్న గుడ్డసంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ముదురు గోధుమరంగు తోలు సంచి.

"గిది కిరాయికి తెచ్చిన మేడం" అన్నది తల వంచుకుని. "మా ఆయనకు కూడ తెల్వదు. వ్యాపారం ఎన్కటి తీరు లేదిప్పుడు. వియ్యంకులది పెద్ద ఇల్లు. నలుగురిల తక్కువ కనపడొద్దని తెచ్చిన. అప్పగింతలప్పుడు చెవి దుద్దు జారి సంచిల పడ్డది. వెతుకుతుంటే అడుగున అట్ట లేచింది. చూస్తే ఒకామె పేరు. ఊరు. మండలం. పెండ్లి ఫోటోలన్నిట్ల గిదే ఉన్నది నా చేతుల. గామె పేరు పట్టుకొనే బిడ్డను అప్పగించిన."

"సైటోళ్లను అడిగిన్రా?"

"అడిగిన. పాత మరక, పట్టించుకోకున్రి, వాపసు పంపున్రి అన్నరు. పేరూ ఊరూ ఉంటే మరకెట్ల అయితది? ఎవరిదో ఎత్తుకొచ్చిన్రని సమజైంది. అడ్రసు ఉన్నది, గామెకే ఇస్త, కావాలంటే మెట్‌పల్లికి వచ్చి తీస్కపోన్రి అని చెప్పిన. నేను కట్టిన డిపాజిట్ పోతదని బెదిరిచ్చిన్రు. పోనీ అన్న."

సైటువాళ్లు మెట్‌పల్లికి ఎన్నడూ రాలేదు.

చాచా మోటారుసైకిలు మీద వెళ్లి బీడీలామెను తీసుకొచ్చాడు. ఏమీ చెప్పలేదట, మేడం రమ్మంటున్నదని మాత్రం అన్నాడట. వాళ్ల వెంటే క్లర్కు కూడా గదిలోకొచ్చాడు. బీడీలామె బల్ల మీది సంచిని చూసింది. అట్ట ఎత్తింది, చూసింది, మళ్లీ జాగ్రత్తగా పెట్టింది. కరీంనగర్ ఆమె లేచి నిలబడి ఆమె చేతులు పట్టుకుంది.

"నన్ను మన్నించక్కా. నాకు తెల్వదు."

"నువ్వేం జేసినవ్ తల్లీ? తెచ్చిచ్చినవ్ గదా" అన్నది బీడీలామె, ఆమెనే ఓదారుస్తున్నట్టు.

కాసేపటికి కరీంనగర్ ఆమె నా వైపు తిరిగి, "నేను వచ్చిన ముచ్చట బయటికి పోనీయకున్రి మేడం. కిరాయి సంచి అని తెలిస్తే మా బిడ్డ అత్తగారింట్ల తల ఎత్తుకోలేదు" అన్నది. మేం నలుగురం మాటిచ్చాం. అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు. ఒక్కరి పేరు రాసినా మిగతాది ఊరే అల్లుకుంటుంది.

తర్వాత ఆమె ఇంకో మాట అన్నది. అనడానికి చాలా కష్టపడింది. "నీకు ఇష్టమైతే నాకే అమ్ముతవా అక్కా? కొంచెం కొంచెంగ ఇస్త, మొత్తం ఇస్త. ఫోటోల నా చేతుల ఉన్నది నాదైతే, నేను అబద్ధం ఆడినట్టు కాదు." ఎంతకు కుదిరిందో నేను చెప్పను. స్లాబు పడింది. నేను దిగిపోయిన కొన్నాళ్లకు, ఆ ఇంటి గృహప్రవేశంలో కొత్త గచ్చు మీద కూర్చుని భోజనం చేశాను.

కానీ ఆ రోజు అక్కడితో అయిపోలేదు. బేరం కుదిరాక బీడీలామె సంచి ఇచ్చెయ్యబోయి ఆగింది.

"మేడం, జర మార్కర్ ఉన్నదా?"

"మళ్లీ ఎందుకే మార్కరు?" అన్నాను, నాకు అనుమానం వచ్చి.

"ఇంక గామె పేరు రాయాలె గదా. అడ్రసు లేకుంటే మళ్ల ఎవలన్న మార్చేస్తరు. ఉన్నది గాబట్టే ఇంటికి వచ్చింది."

నేను క్లర్కు వైపు చూశాను. వాడు కరీంనగర్ ఆమె వైపు చూశాడు. అంత ఖరీదైన సంచిలో మార్కరుతో రాయించుకోవడానికి ఎవరొప్పుకుంటారు? ఆమె రెండు చేతులూ సంచి మీద వేసింది, వద్దన్నట్టు. తర్వాత ఒక్కో చేయీ తీసేసింది. అట్ట తనే ఎత్తి పట్టుకుని, "రాయక్కా" అన్నది.

మార్కరు మూత తీశాక బీడీలామె నన్నడిగింది. "నాది కొట్టేయాల్నా మేడం?"

ఉత్తరం వేరే ఊరికి మళ్లించేటప్పుడు పాత అడ్రసు కొట్టేసి కొత్తది రాయడం మా పద్ధతి. అదే చెప్పబోతుంటే చాచా అడ్డొచ్చాడు. "కొట్టేయకు బిడ్డా. పార్సిల్ మీద చేరేటోళ్ల అడ్రసొక్కటే ఉంటదా? పంపినోళ్లది కూడ ఉండాలె. చేరకపోతే వాపసు యాడికి రావాలె మరి?"

ఆమె తన పేరు అలాగే ఉంచి, కింద కరీంనగర్ ఆమె పేరూ వీధీ ఊరూ, ఒక్కో మాటా అడిగి అడిగి రాసింది. రాసినంతసేపూ ఆ పెద్దింటి ఆమె అట్ట ఎత్తి పట్టుకునే నిలబడింది. సిరా ఆరేదాకా ఇద్దరూ కలిసి ఊదారు.

ఇప్పుడు కరీంనగర్‌లో నేను పోయే పెళ్లిళ్లలో ఆ సంచి అప్పుడప్పుడు కనబడుతుంటుంది. ఆడవాళ్లు చుట్టూ చేరి అసల్దేనా అని అడుగుతుంటారు. ఆమె అసల్దేనని చెప్పి నా వైపు ఒకసారి చూస్తుంది. నేను తెలియనట్టు భోజనాల వైపు నడుస్తాను.